ఎయిర్‌పోర్టులో కొన్న బౌమోర్ 15: పొగ కింద ఏముందో చూడండి

మీ ప్రశ్న ఇదీ. దుబాయ్ మీదుగా హైదరాబాద్ వస్తూ డ్యూటీ ఫ్రీలో బౌమోర్ 15 ఏళ్ల ‘గోల్డెన్ అండ్ ఎలిగెంట్’ విస్కీ లీటరు సీసా కొన్నారు. డబ్బా మీద ‘సున్నితమైన పొగ’ అన్న అర్థం వచ్చేలా ఏదో రాసి ఉంటే మోజుపడ్డారు. ఇంటికి వచ్చాక మిత్రులతో కూర్చుని, గ్లాసు నిండా ఐసు వేసి తాగితే ఒకాయన ఆసుపత్రి వాసన అన్నారు, ఇంకొకాయన కాలిన తాడు అన్నారు. మీకేమో డబ్బు దండగైందనిపించింది. సరుకు పాడైందా, నకిలీదా, లేక తాగే పద్ధతిలోనే తేడా ఉందా అని అడిగారు.

మొదటి రెండు అనుమానాలూ వదిలేయండి. సీలు సరిగా ఉన్న సీసా, బిల్లుతో ఎయిర్‌పోర్టు దుకాణంలో కొన్నది, నకిలీ అవుతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. మూత తీయని విస్కీ పాడవదు కూడా. మీ మిత్రులిద్దరూ చెప్పిన వాసనలు ఆ విస్కీలో ఉండవలసినవే. ఇద్దరికీ ముక్కు బాగానే పనిచేస్తోంది. మూడో ప్రశ్నకు మాత్రం జవాబు పొడవైనది. తేలిక పొగ ఉన్న మాల్టు విస్కీని పొగను బట్టి తూచకూడదు, ఆ పొగ కింద ఏముందో దాన్ని బట్టి తూచాలి. అది కనబడడానికి కొంత సమయం పడుతుంది. మీరు ఆ సమయం ఇవ్వలేదు, పైగా ఐసుతో దాన్ని గడ్డకట్టించారు.

ముందు మీ చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. బౌమోర్ స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐలా దీవిలో, లోక్ ఇందాల్ అనే సముద్రపు పాయ ఒడ్డున, 1779 నుంచి ఉన్న డిస్టిలరీ. ఇప్పుడు జపాన్ కంపెనీ సంటోరీ చేతిలో ఉంది. 2017లో ప్రయాణికుల దుకాణాల కోసమని ప్రత్యేకంగా మూడు సీసాలు తెచ్చారు: 10 ఏళ్లది ‘డార్క్ అండ్ ఇంటెన్స్’, 15 ఏళ్లది మీరు కొన్నది, 18 ఏళ్లది ‘డీప్ అండ్ కాంప్లెక్స్’. పదేళ్లదానిలో షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాల వాటా ఉంది, పద్దెనిమిదేళ్లదీ షెర్రీ పీపాలదే. మీది పూర్తిగా బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాల్లో, అదీ బోర్బన్ దిగాక మొదటిసారి స్కాచ్ పోసిన పీపాల్లో ఊరింది. మూడింటిలోకీ పొగను దాచకుండా, పొగతోపాటు మిగతా రుచులనూ విడివిడిగా చూపించేది ఇదేనని నా అభిప్రాయం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. మామూలు దుకాణాల్లో ఇంకో బౌమోర్ 15 దొరుకుతుంది. వయసు అదే, బలమూ, అంటే మద్యం మోతాదూ, 43 శాతమే. కానీ అది 12 ఏళ్లు బోర్బన్ పీపాలో ఉండి, చివరి మూడేళ్లు ఒలొరోసో షెర్రీ పీపాలో గడుపుతుంది. ఎండుద్రాక్ష, డార్క్ చాక్లెట్ వైపు పోయే రుచి. ఎవరైనా ‘బౌమోర్ 15 భలే తియ్యగా, చాక్లెట్‌లా ఉంటుంది’ అని చెప్పగా విని ఎయిర్‌పోర్టు సీసా కొని ఉంటే, మీరు ఎదురుచూసింది వేరు, ఇంటికి తెచ్చుకున్నది వేరు. లేబుల్ మీద వయసు ఒక్కటే చూసి తృప్తిపడవద్దని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే. ఏ పీపాలో ఊరిందన్నది వయసు కంటే ఎక్కువ చెబుతుంది. రంగునైతే అసలు లెక్కలోకి తీసుకోకండి. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

ఇక పొగ సంగతి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, మొలక పెరగకుండా వేడితో ఆరబెడతారు. అదే మాల్టు. ఐలాలో చెట్లు తక్కువ, బొగ్గు గనులు లేవు. ఉన్నదల్లా పీట్. తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు వేల ఏళ్లపాటు పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయి ముద్దగా తయారైన నల్లటి మట్టి అది. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వేస్తారు. తడి బార్లీ కింద అది మండుతుంటే పొగలోని ఫీనాల్ జాతి పదార్థాలు గింజ పొట్టుకు పట్టుకుంటాయి. ఇందులో గ్వాయకాల్ అనేది కట్టెల పొగ వాసననిస్తుంది. క్రెసాల్ మందుల వాసననిస్తుంది. పాత రోజుల్లో ఆసుపత్రి నేల తుడిచే క్రిమిసంహారకాలను క్రెసాల్‌తోనే చేసేవారు. ఒకప్పటి ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు కార్బాలిక్ వాసనకు మూలం కూడా ఫీనాలే. కాబట్టి ఆసుపత్రి అన్న మీ మిత్రుడు రసాయనశాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరిగ్గా చెప్పారు. ఆయనకు నా తరఫున ఒక పెగ్గు ఇప్పించండి.

బౌమోర్‌లో ఇప్పటికీ బార్లీని రాతి నేల మీద పరిచి, చెక్క పారలతో మనుషులే తిరగేసే పాత పద్ధతి కొంత మేర బతికి ఉంది. అవసరంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా అలా వస్తుంది, మిగతా మాల్టు బయట నుంచి తెప్పిస్తారు. ఆ మాల్టులో ఫీనాల్ మోతాదు దాదాపు 25 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 25. అదే దీవి దక్షిణ తీరంలోని లఫ్రాయిగ్‌లో 40 దాటుతుంది, ఆర్డ్‌బెగ్‌లో 55 వరకు ఉంటుంది. లోక్ ఇందాల్‌కు అవతలి ఒడ్డున ఉన్న బ్రూక్‌లాడీ పేరుతో వచ్చే విస్కీలో అసలు పొగే వేయరు. అయితే అదే డిస్టిలరీ ఆక్టోమోర్ పేరుతో 100 దాటించి కూడా చేస్తుంది. ఐలా అనగానే పొగ బండి అనుకునేవారికి ఈ తేడాలు తెలియాలి. ఈ వరసలో మీ సీసా నడుమ మెట్టు కంటే కాస్త కింద నిలబడుతుంది.

ఈ పీపీఎం అంకెలను పట్టుకుని వాదులాడేవారు ఎక్కువయ్యారు. ఆ లెక్క మాల్టుది, సీసాలోని విస్కీది కాదు. మాల్టును వేడినీళ్లలో నానబెట్టి వడకట్టాక కొంత పొగ పిప్పిలోనే ఉండిపోతుంది. విస్కీ దించే రాగి బట్టీ దగ్గర ఇంకొంత పోతుంది. రెండో బట్టీ నుంచి ముందు దిగేదాన్నీ, ఆఖరున దిగేదాన్నీ పక్కకు తీసి, నడుమ భాగాన్నే పీపాలోకి పంపుతారు. పొగ పదార్థాలు బరువైనవి కాబట్టి ఆలస్యంగా దిగుతాయి. నడుమ భాగాన్ని తొందరగా ఆపేస్తే పొగ తగ్గుతుంది, ఇంకాసేపు సాగనిస్తే పెరుగుతుంది. ఒకే మాల్టుతో ఇద్దరు బట్టీ మేస్త్రులు రెండు రకాల విస్కీ దించగలరు. ఆ తర్వాత పీపాలో గడిచే ఏళ్లలోనూ పొగ మెత్తబడుతూ పోతుంది. అందుకే పదిహేనేళ్ల బౌమోర్‌లో పొగ పదేళ్లదానికంటే నెమ్మదిగా ఉంటుంది. పిడకల దాలి మీద పొద్దంతా కాగిన పాలు తాగినవారికి ఈ మోతాదు వెంటనే అర్థమవుతుంది: పొగ ఉందని తెలుస్తుంది, కానీ పాల కమ్మదనాన్ని దాటి ముందుకు రాదు.

మరి మీకు మాత్రం అది ఎందుకు దాటి వచ్చింది? ఐసు వల్ల. చల్లదనంలో వాసన పదార్థాలు గాలిలోకి లేవవు. ముందు అణిగిపోయేవి తేనె, పళ్లు, వెనీలా లాంటి సున్నితమైనవి. పొగ, చేదు, వగరు మాత్రం మొండిగా మిగులుతాయి. పొగలేని విస్కీకి ఐసు చేసే చెరుపు కంటే తేలిక పొగ విస్కీకి చేసేది ఎక్కువని నా అనుభవం. కరిగాక అంతా నీళ్లమయమై, అడుగున తడి బూడిద వాసన ఒక్కటే ఉంటుంది. మీరూ, మీ ఇద్దరు మిత్రులూ తాగింది అదే.

ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి ముగ్గురూ కాదు, ఒక్కరే, లేదా మాటలు తక్కువ ఉన్న ఇంకొకరితో. భోజనానికి ముందు, కొంచెం ఆకలిగా ఉన్న వేళ మంచిది. వంటింట్లో తాలింపు పెట్టిన గంటలోపు వద్దు. ఇంట్లో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట ఏది వెలుగుతున్నా ఆ గదిలో వద్దు. పొగ వెతకబోయేవారికి ఇంటి పొగే ఎదురవుతుంది. అప్పుడే తాగిన కాఫీ, నమిలిన వక్కపొడి కూడా నాలుకను గంటసేపు కట్టేస్తాయి. సెంటు పూసుకుని కూర్చోవద్దు. ఇవన్నీ చాదస్తంగా కనిపిస్తాయని తెలుసు. ఒక్కసారి పాటించి చూశాక మీరే మానరు.

గ్లాసు విషయంలో రాజీపడకండి. వెడల్పు మూతి ఉన్న బరువైన గ్లాసు సినిమాల్లో బాగుంటుంది, వాసనను మాత్రం నలుదిక్కులా వదిలేస్తుంది. పొట్ట ఉబ్బెత్తుగా ఉండి పైకి వచ్చేకొద్దీ సన్నబడే గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇప్పుడు మన నగరాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది. లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. స్టీలు గ్లాసు మాత్రం వద్దు, ప్లాస్టిక్ అసలే వద్దు. గ్లాసును సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్లతో కడిగి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే గుడ్డ వాసన పడుతుంది.

మన వేసవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్కాట్లాండ్ వారు ‘గది వేడి’ అంటే 18, 20 డిగ్రీలు అనుకోవాలి. మే నెలలో మన గదిలో 36 ఉంటే గ్లాసులోంచి ముందు లేచేది సారాయి ఘాటే. ఏసీ గదిలో సీసాను ఒక గంట ఉంచాక పోసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు.

30 మి.లీ. పోయండి, అంతకు మించి వద్దు. పోశాక పైన చిన్న సాసర్ బోర్లించి పది నిమిషాలు వదిలేయండి. అందరూ ఎగ్గొట్టేది ఈ పది నిమిషాలే, నేను వదలనిదీ ఇదే. మూత తీశాక గ్లాసును గడ్డం దగ్గర పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, నెమ్మదిగా వాసన చూడండి. ముక్కు గ్లాసులోకి దూర్చి గట్టిగా పీలిస్తే ఘాటుకు ముక్కు మొద్దుబారిపోతుంది, ఆ పూటకు ఇక పనికిరాదు. వైన్‌లా గిరగిర తిప్పడం కూడా అనవసరం. మొదట పొగే తగులుతుంది. తగలనివ్వండి. మన ముక్కుకు ఒక గుణం ఉంది: ఏ వాసనైనా కాసేపు ఆగకుండా ఉంటే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియనట్టే పొగ కూడా రెండు మూడు నిమిషాల్లో వెనక్కి తగ్గుతుంది. అప్పటిదాకా దాని వెనక దాగినవి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. తేలిక పొగ మాల్టులో అసలు సరదా ఇక్కడే మొదలవుతుంది. బాగా పొగబెట్టిన వాటిలో ఇది ఇంత సులువుగా జరగదు, అక్కడ పొగ ఆఖరిదాకా పెత్తనం చేస్తుంది. ముక్కు అలసిపోతే మీ మోచేతి మడతను ఒకసారి వాసన చూసుకుని మళ్లీ గ్లాసు దగ్గరికి రండి.

మొదటి గుక్క చాలా చిన్నది, నాలుకను తడిపేంత. అది నాలుకకు బలం అలవాటు చేయడానికే, దాన్ని బట్టి ఏ తీర్పూ ఇవ్వకండి. నిమిషం ఆగి రెండో గుక్క తీసుకోండి. నోట్లో అన్ని పక్కలా తిరగనిచ్చి, నాలుగైదు క్షణాలు నిలిపి మింగండి. మింగాక పెదవులు మూసి ముక్కులోంచి గాలి వదలండి. రుచి అని మనం అనుకునేదాంట్లో సగానికి పైగా గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. పొగ తన అసలు రూపంలో కనిపించేది ఆ శ్వాసలోనే. మందుల వాసనా, కట్టె పొగా, చల్లారిన బూడిదా అన్న తేడా కూడా అక్కడే తెలుస్తుంది.

ఈ సీసాలో నాకు తగిలినవి చెబుతాను. మీకు అవే తగలాలని లేదు. వాసనలో ముందు పలుచని పొగ, దాని వెంటే నిమ్మతొక్క. కాసేపటికి తేనె, వెనీలా. ఈ రెండూ బోర్బన్ పీపా పెట్టిన భిక్ష. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఊరబెట్టాలి. వాడిన పీపా వారికి బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు కనుక స్కాట్లాండ్‌కు ఓడలకొద్దీ వస్తుంది. అమెరికన్ ఓక్‌లో వెనీలా వాసన ఇచ్చే వెనిలిన్, కొబ్బరి వాసన ఇచ్చే లాక్టోన్లు ఎక్కువ. పావుగంట తర్వాత గ్లాసులో పండిన పైనాపిల్ లాంటిది ఏదో లేస్తుంది. ఉష్ణదేశపు పళ్ల రుచికి బౌమోర్ అభిమానుల్లో పెద్ద పేరుంది. 1960ల్లో బట్టీ దిగిన బౌమోర్‌లకు ఆ రుచి వల్లే వేలం పాటల్లో కళ్లు తిరిగే ధరలు. 1980ల సరుకులో మాత్రం కొందరికి సెంటు సబ్బు వాసన కొట్టేదన్న ఫిర్యాదూ అంతే ప్రసిద్ధం. మీ సీసాలో ఆ రెండు కొసలూ లేవు, నడుమ దారిలో మర్యాదగా నడుస్తుంది.

నాలుక మీద మొదట తీపి, బార్లీ కమ్మదనం, కొద్దిగా పాలకోవా ఛాయ. మధ్యలో ఓక్ వగరు. మింగాక పొగ తిరిగి వచ్చి, చల్లారిన పొయ్యి బూడిదలా కాసేపు నిలుస్తుంది. కొస కొంచెం ఉప్పగా అనిపిస్తుంది. ఆ ఉప్పదనం సముద్రపు గాలి వల్ల పీపాలోకి ఎక్కుతుందని కంపెనీలవారు ఇష్టంగా చెబుతారు. బౌమోర్ వారి నంబర్ వన్ గిడ్డంగి సముద్ర మట్టం కంటే కిందికి ఉండి, గోడను అలలు తాకుతుంటాయి కాబట్టి ఆ కథ వినడానికి బాగుంటుంది. కానీ ఉప్పు బట్టీలో ఆవిరై పైకి రాదు. ఆ గిడ్డంగిలో పట్టే పీపాలూ తక్కువే. ఫీనాల్, ఓక్ వగరు కలిసి నాలుక మీద చేసే మాయగానే నేను దాన్ని చూస్తాను.

లోపాలు కూడా ఉన్నాయి. 43 శాతం బలం ఈ విస్కీకి చాలలేదు. 46 దగ్గర, చలువ వడపోత (చల్లబరిచి, మసక తెచ్చే పదార్థాలను వడకట్టడం) లేకుండా సీసాలో పోసి ఉంటే నాలుక మీద మరింత నిండుగా ఉండేది. నడుమ భాగం కాస్త పలుచన, కొస త్వరగా తేలిపోతుంది. పేరులోని ‘ఎలిగెంట్’ అన్న మాటకు న్యాయం చేస్తుంది కానీ, ఆ నాజూకుతనం కొన్నిసార్లు పిరికితనంలా అనిపిస్తుంది. పొగకు కొత్తవారికి మాత్రం ఈ పిరికితనమే మేలు.

నీళ్లు కలపవచ్చా అంటే, ఆస్వాదించే దారిలో కలపడమూ ఒక అంచె. సగం తాగాక చుక్కల లెక్కన వేయండి. మిగిలిన 15 మి.లీ. విస్కీకి అర టీ చెంచాడు, అంటే 2.5 మి.లీ., నీళ్లు చేరితే 43 శాతం దాదాపు 37కు దిగుతుంది. అంతకు మించవద్దు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బియోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ లెక్కలతో ఒక సంగతి చూపించారు. మద్యం బలం 59 శాతం దాటితే పొగ వాసననిచ్చే గ్వాయకాల్ ద్రవం లోపలికి మునుగుతుంది, 45 శాతానికి లోపు ఉంటే ఉపరితలం దగ్గర తేలుతుంది. వారు ఎన్నుకున్నది సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న పదార్థమే కావడం విశేషం. మీ సీసా ముందే 43 దగ్గర ఉంది కనుక నీళ్ల వల్ల అద్భుతాలు జరగవు, ఘాటు తగ్గి తీపి కొంచెం తెరుచుకుంటుంది అంతే. నీళ్లు ఏవైనా ఫర్వాలేదనుకోకండి. బోరు నీళ్ల ఉప్పదనం, కుళాయి నీళ్ల క్లోరిన్ ఇంత సున్నితమైన విస్కీని క్షణంలో చెడగొడతాయి. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు, చల్లవి కానివి, చాలు.

సోడాకు నేను వ్యతిరేకిని కాదు. రుచి చూడడం అయిపోయాక, రెండో పూట ఎప్పుడైనా ఒక వంతు విస్కీకి మూడు వంతుల చల్లని సోడా పోసి, నిమ్మతొక్క పిండి చూడండి. పొగ హాయిగా పైకి లేస్తుంది. కోలా మాత్రం పోయకండి, ఆ పనికి ఇందులో నాలుగో వంతు ధర ఉన్న సీసా సరిపోతుంది.

తినడానికి ఏం పెట్టుకోవాలో మీరు అడగలేదు కానీ, మన దగ్గర మందుకు మంచింగ్ అనగానే మిరపకాయ బజ్జీ, కారం పల్లీలు, అపోలో ఫిష్ వచ్చేస్తాయి కనుక చెబుతున్నాను. మిరపకారం నాలుక మీద ఉండగా సారాయి ఘాటు రెట్టింపవుతుంది, మిగతావన్నీ చచ్చిపోతాయి. రుచి చూసేటప్పుడు ఏమీ వద్దు. తర్వాత ఉప్పు వేసి వేయించిన జీడిపప్పు, కారం తక్కువగా కాల్చిన వంజరం ముక్క బాగా నప్పుతాయి. ఐలాలో పచ్చి ఆల్చిప్ప మాంసం మీద కాస్త బౌమోర్ పోసుకుని తినే అలవాటుంది. పొగకు సముద్రపు తిండికి ఉన్న పొత్తు ఎంత గట్టిదో దాన్ని బట్టే ఊహించుకోవచ్చు.

పొగకు మీరు నిజంగా కొత్తా అన్నది కూడా నాకు సందేహమే. జానీవాకర్ బ్లాక్ లేబుల్ తాగే అలవాటు ఉన్నట్టు రాశారు. జానీవాకర్ మిశ్రమాల్లో ఐలాలోని కౌలీలా డిస్టిలరీ మాల్టు పడుతుంది. బ్లాక్ లేబుల్‌లో అడుగున ఉండే పలుచని పొగ దాని చలవే. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని, ముందు బ్లాక్ లేబుల్, తర్వాత బౌమోర్ వాసన చూడండి. ఇన్నేళ్లూ తెలియకుండానే తాగిన పొగను ముక్కు వెంటనే గుర్తుపడుతుంది. ఈ ఒక్క పనీ చేసినా మీ మిత్రుడి ఆసుపత్రి భయం సగం పోతుంది.

కొనడం గురించి కూడా కొంచెం. ఎయిర్‌పోర్టు దుకాణం అంటే చవక అన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. ప్రయాణికుల కోసమే చేసిన సీసాలకు బయట అంగట్లో జత ఉండదు, కాబట్టి ధర పోల్చడానికి వీలుండదు. అమ్మేవారికి అదే సౌకర్యం. వాటిలో చాలా వాటి మీద వయసు ఉండదు, పురాణగాథల పేర్లు, బంగారు అక్షరాలు ఉంటాయి, బలం 40 శాతం దగ్గర ఆగుతుంది. స్కాచ్‌కు చట్టం ఒప్పుకునే కనీస బలం అదే, కనీస వయసు మూడేళ్లు. వయసు రాసి ఉంటే మాత్రం అది సీసాలోని అన్నిటికంటే చిన్న విస్కీ వయసు. వయసు, బలం, పీపా ఈ మూడూ లేబుల్ మీద స్పష్టంగా ఉన్న సీసా కొనండి, లీటరు లెక్కన ధర కట్టండి. కౌంటర్ దగ్గర ప్లాస్టిక్ మూతలో పోసిచ్చే నమూనా తాగి నిర్ణయించకండి. నిద్రలేని ప్రయాణంలో, పక్కనే సెంట్ల దుకాణం ఘుమఘుమల్లో ఏ ముక్కూ సరిగా పనిచేయదు.

అయినా మన రాష్ట్రాల ధరలతో పోలిస్తే లాభమే. దిగుమతి విస్కీ మీద కేంద్రం కస్టమ్స్ సుంకం ఏళ్లుగా 150 శాతం ఉంటూ వచ్చింది, దాని మీద రాష్ట్రాల ఎక్సైజ్ భారం వేరు. 2025 జులైలో భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో ఆ సుంకాన్ని ముందు 75కు, పదేళ్లలో 40కి దించాలని ఉంది. రాష్ట్ర పన్నులకు ఆ ఒప్పందంతో సంబంధం లేదు కాబట్టి వైన్ షాపు ధర అదే మేరకు పడిపోతుందని ఆశపడకండి. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది రెండు లీటర్లు. శంషాబాద్‌లో దిగాక కూడా డ్యూటీ ఫ్రీ దుకాణం ఉంది, దారిలో మోయడం ఇష్టంలేనివారు అక్కడే చూసుకోవచ్చు. ఢిల్లీలోనో ముంబైలోనో కస్టమ్స్ దాటి విశాఖ, విజయవాడ విమానం ఎక్కేవారు సీసాను చెకిన్ సామానులోకి మార్చడం మంచిది. బట్టల మధ్య చుట్టి, మూత చుట్టూ ప్లాస్టిక్ బిగించండి. కొన్న సీసాను విమానంలో తెరవడం నిషేధమని వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాతి సీసా ఏమిటంటారా? ఈ పద్ధతిలో రెండు మూడు సార్లు తాగాక పొగ నచ్చితే ఓర్క్‌నీ దీవుల హైలాండ్ పార్క్ 12 చూడండి. అక్కడి పీట్‌లో హెదర్ అనే పూల పొద ఎక్కువ, సముద్రపు నాచు వాసన తక్కువ. అందుకే ఆ పొగ తేనె వైపు మొగ్గుతుంది, మందుల వైపు కాదు. ఆసుపత్రి అన్న మిత్రుడికి అదే సరైనది. కాలిన తాడు అన్నాయనకు స్కై దీవి నుంచి వచ్చే టాలిస్కర్ 10 పోయండి. 45.8 శాతం బలం, పొగ వెనక మిరియాల ఘాటు, మన నాలుకకు ఇట్టే కుదురుతుంది. ప్రయాణం లేకుండా ఇక్కడే కావాలంటే బెంగళూరు అమృత్ వారి పీటెడ్ ఉంది. పొగబెట్టిన మాల్టును స్కాట్లాండ్ నుంచే తెప్పిస్తారు, ఊరబెట్టేది మాత్రం మన ఎండలో. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి 2 శాతం ఆవిరైతే బెంగళూరులో 10 శాతం దాటుతుంది, అందుకే వయసు తక్కువైనా పీపా రుచి దండిగా ఉంటుంది. లఫ్రాయిగ్, ఆర్డ్‌బెగ్‌ల జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

తెరిచిన సీసాను నిలబెట్టే ఉంచండి, పడుకోబెట్టకండి. వైన్‌లా కాదు, ఈ బలానికి బిరడా చీకిపోతుంది. ఎండ తగలని అలమరలో, వంటింటికి దూరంగా పెట్టండి. సగానికి పైగా ఉన్నంతవరకు ఏడాది దాకా పెద్దగా మారదు. మూడో వంతుకు దిగాక లోపలి గాలికి ముందు పలచబడేది పొగే. లీటరు సీసా కాబట్టి ఆ దశకు చేరాక మిగిలినదాన్ని శుభ్రమైన చిన్న గాజు సీసాలోకి, మెడ దాకా నిండేలా వంపి బిగించేయండి. మిత్రులిద్దరినీ మళ్లీ పిలిచేది ఉంటే ఆ లోపే పిలవండి, ఐసు ట్రే మాత్రం బయటికి తీయకండి.